సంగటి కట్టె, మోచేతి నొప్పి, హార్మోన్లు

సంగటి కెలికేటప్పుడు మోచేతి బయటి వైపు చురుక్కుమనే నొప్పి కర్నూలు, కడప జిల్లాల్లో చాలామంది ఆడవాళ్లకు తెలుసు. బిందె ఎత్తినా, తడిబట్ట పిండినా అదే చోట పట్టేస్తుంది. ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాళ్లకు ఇది భుజంలో వస్తుంది. బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు నాపరాయి పనిచేసేవాళ్లకు మోచేతిలో, మణికట్టులో వస్తుంది. వేరుశనగ చెట్లు పీకే కాలంలో ఎవరికి ఎక్కడ వస్తుందో చెప్పలేం. వారం పది రోజుల్లో తగ్గితే ఎవరూ పట్టించుకోరు. ఆరు నెలలైనా, ఏడాదైనా పోని నొప్పి గురించే ఈ రోజు ప్రసంగం. హార్మోన్లతో దాన్ని మాన్పవచ్చా అన్నది ప్రశ్న. ఈ ప్రశ్న మన ఊళ్లలో కొత్తదేమీ కాదు. ఆ మాట తెలియకుండానే ఎంతోమంది హార్మోన్ సూది వేయించుకుని ఉన్నారు. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

నొప్పి ఉన్న ఆ చోట ఉన్నది నరం కాదు, టెండన్. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే గట్టి తాడు లాంటి భాగం. తాడులో పీచు ఎలా ఉంటుందో టెండన్‌లో కొలాజెన్ అనే మాంసకృత్తు పోగులు అలా ఒకే దిక్కుగా పేర్చి ఉంటాయి. ఈ పోగుల మధ్య అక్కడక్కడా కొద్దిపాటి జీవకణాలు ఉంటాయి. పోగులు తయారు చేసేవీ, మరమ్మతు చేసేవీ అవే. కండరంతో పోలిస్తే ఇక్కడికి వచ్చే రక్తం చాలా తక్కువ. కండరం తెగితే కొన్ని వారాల్లో అతుక్కుంటుంది, టెండన్‌కు నెలలు పడుతుంది.

ఎందుకింత ఆలస్యమో డెన్మార్క్ శాస్త్రవేత్తలు ఒక విచిత్రమైన దారిలో కనుక్కున్నారు. 1950ల మధ్య నుంచి 1963 వరకు అమెరికా, రష్యా ఆరుబయట అణుబాంబులు పేల్చి చూసుకున్నాయి. వాటివల్ల ప్రపంచమంతటా గాలిలో కార్బన్-14 అనే రకం కార్బన్ బాగా పెరిగి, ఆ తర్వాత ఏటేటా తగ్గుతూ వచ్చింది. ఆ గాలి పీల్చిన పంటలు, ఆ పంటలు తిన్న మనుషులు అందరి ఒంట్లోకీ అది చేరింది. కాబట్టి ఒంట్లోని ఏ భాగంలో ఎంత కార్బన్-14 ఉందో కొలిస్తే ఆ భాగం ఏ ఏడాదిలో తయారైందో చెప్పవచ్చు. మడమ వెనుక ఉండే పెద్ద టెండన్‌ను, అంటే అకిలిస్ టెండన్‌ను, వాళ్లు ఇలా కొలిచారు. 2013లో ఫలితం వెల్లడించారు. దాని లోపలి భాగంలోని కొలాజెన్ మనిషికి పదిహేడేళ్లు వచ్చేసరికే తయారైపోయి ఉంది, ఆ తర్వాత దాదాపు మారనే లేదు. ఒంటి మీది చర్మం మారుతూనే ఉంటుంది, ఎముక కూడా నెమ్మదిగా మారుతుంది. మడమ టెండన్ మాత్రం పదిహేడేళ్ల నాటిదే అరవై ఏళ్లకూ మనల్ని మోస్తోంది!

దీంతో పాటు తెలుసుకోవాల్సింది మరొకటుంది. ఎక్కువకాలం వేధించే టెండన్ నొప్పిని చాలా ఏళ్లు వాపు జబ్బు అనుకున్నారు. టెన్నిస్ ఎల్బో అని పేరు పెట్టి వాపు తగ్గించే మందులు ఇచ్చారు. సచిన్ టెండూల్కర్‌కు 2004లో వచ్చినప్పుడు ఈ పేరు మన పల్లెల్లోనూ వినిపించింది. కానీ ఆపరేషన్ చేసి తీసిన ముక్కలను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, వాపుకు గుర్తుగా గుమిగూడాల్సిన కణాలు పెద్దగా కనబడలేదు. కనబడిందల్లా వరస తప్పిన, చిందరవందరగా పడి ఉన్న పోగులే. బాగు చేసే పని మొదలై, మధ్యలో ఆగిపోయిన టెండన్ అది. అందుకే కేవలం వాపు తగ్గించే మందుతో దాన్ని మాన్పడం కుదరదు.

ఇక హార్మోన్ల దగ్గరికి వద్దాం. ఒక గ్రంథిలో పుట్టి, రక్తంలో కలిసి, దూరంగా ఉన్న అవయవాలకు ఏం చేయాలో చెప్పే రసాయనం హార్మోన్. మూత్రపిండాల పైన ఉండే చిన్న అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్ తయారు చేస్తాయి. దీనికి దగ్గరి చుట్టం లాంటి కార్టిజోన్‌ను 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు కీళ్లవాతంతో కదల్లేకపోతున్న ఒక యువతికి ఇచ్చాడు. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. ప్రపంచం నివ్వెరపోయింది. 1950లో హెంచ్‌కూ, కెండాల్, రైక్‌స్టైన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలకూ నోబెల్ బహుమతి వచ్చింది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఆ 1948లోనే, ఆగస్టులో, అమెరికాలో కన్నుమూశారు. ఆయన పరిశోధనలు నడిపించిన లెడర్లీ సంస్థ నుంచే పదేళ్ల తర్వాత ట్రయామ్సినోలోన్ అనే మందు వచ్చింది. భుజంలో, మోచేతిలో వేసే సూదుల్లో ఇప్పటికీ ఉండే స్టెరాయిడ్ అది.

స్టెరాయిడ్ అన్న మాట వినగానే కొందరు భయపడతారు, కొందరు అదే కావాలని అడుగుతారు. పల్లెల్లో 'ఒక్క సూదితో నొప్పి పోయింది' అని చెప్పుకునే సూదుల్లో చాలావాటిలో ఉన్నది ఇదే. డెక్సామెథసోన్, బీటామెథసోన్, మిథైల్ ప్రెడ్నిసోలోన్, పేరేదైనా కుటుంబం ఒకటే. పేరు చెప్పకుండా పొట్లం కట్టి ఇచ్చే కీళ్ల మందుల్లో కూడా ఇవి కలుపుతుంటారు. నేను ముందే చెప్పిన, తెలియకుండా వేయించుకునే హార్మోన్ సూది ఇదే.

నొప్పి పోతుందా అంటే పోతుంది. అందులో అబద్ధం లేదు. పోయిన తర్వాత ఏమవుతుందన్నదే అసలు సంగతి. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఆరు వారాలు దాటిన మోచేతి నొప్పితో ఉన్న 165 మందిని తీసుకున్నారు. కొందరికి స్టెరాయిడ్ సూది, కొందరికి మందు లేని ఉప్పునీటి సూది. ఎవరికి ఏది వేశారో రోగులకు తెలియదు. మొదటి నెలలో స్టెరాయిడ్ వాళ్లే హాయిగా ఉన్నారు. ఏడాది తిరిగేసరికి లెక్క తలకిందులైంది. స్టెరాయిడ్ వేయించుకున్నవాళ్లలో నూటికి 54 మందికి నొప్పి మళ్లీ తిరగబెట్టింది. ఉప్పునీళ్లు వేయించుకున్నవాళ్లలో తిరగబెట్టింది నూటికి 12 మందికే. 2013లో వచ్చిన ఈ ఫలితం చూసి వైద్యులే తమ అలవాటు గురించి మళ్లీ ఆలోచించుకోవాల్సి వచ్చింది.

కారణం చెబుతాను. స్టెరాయిడ్ నొప్పిని అణచడంతో పాటు కొలాజెన్ తయారు చేసే ఆ కాసిన్ని కణాల పనిని కూడా తగ్గిస్తుంది. ఇంట్లో మరమ్మతు చేయాల్సినవాళ్లనే బయటికి పంపేస్తే ఇల్లు ఎలా బాగుపడుతుంది? పైగా నొప్పి లేదు కదా అని మర్నాడే చేనికి పోయి గడ్డపార పట్టుకుంటాం. బలహీనపడిన పోగుల మీద మళ్లీ అదే బరువు పడుతుంది. మడమ వెనుక టెండన్‌లోకి ఈ సూది వేస్తే అది తెగిపోయే ప్రమాదం ఉందని వైద్యులు చాలాకాలంగా జాగ్రత్త పడుతున్నారు.

అయితే స్టెరాయిడ్ సూది ఎప్పుడూ వద్దని నేననడం లేదు. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లకు భుజం బిగుసుకుపోయి చెయ్యి పైకి లేవని పరిస్థితి వస్తుంది. అక్కడ తొలి దశలో కీలులోకి జాగ్రత్తగా వేసిన ఒక సూది రాత్రి నిద్ర పట్టనిస్తుంది, వ్యాయామం మొదలుపెట్టడానికి వీలు కల్పిస్తుంది. ఆ తర్వాత కొన్ని రోజుల పాటు రక్తంలో చక్కెర పెరుగుతుంది కాబట్టి చూసుకుంటూ ఉండాలి. సూది వేయించుకునే ముందు ఒక్క మాట అడగండి: 'డాక్టరుగారూ, ఇది స్టెరాయిడా? ఇంతకు ముందు ఎన్ని పడ్డాయో చెప్పమంటారా?' చీటీ మీద మందు పేరు రాయించుకోండి. పేరు చెప్పని చోట సూది వేయించుకోవద్దు.

మరి మరమ్మతును ఆపే హార్మోన్ ఉన్నట్టే, దాన్ని పెంచే హార్మోన్ లేదా? ఉంది. మెదడు కింద శనగగింజంత పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే గ్రోత్ హార్మోన్. పిల్లలు ఎత్తు పెరగడానికి కారణం అదే. కోపెన్‌హాగెన్‌లో ఆరోగ్యంగా ఉన్న పదిమంది యువకులకు పద్నాలుగు రోజులు ఈ హార్మోన్ ఇచ్చి చూసి, 2010లో ఫలితం ప్రకటించారు. వాళ్ల టెండన్‌లో కొత్త కొలాజెన్ తయారీ దాదాపు మూడోవంతు పెరిగింది. కండ పెంచే పని మాత్రం పెరగలేదు. జిమ్‌లలో కండల కోసం ఈ సూదుల మీద డబ్బు తగలేసే కుర్రవాళ్లు వినాల్సిన మాట ఇది.

ఇంత బాగా పనిచేస్తే అందరికీ ఇవ్వవచ్చు కదా అనిపిస్తుంది. కానీ ఆ పరీక్షలో పాల్గొన్నవాళ్లు ఆరోగ్యవంతులు, వాళ్ల టెండన్‌కు దెబ్బ లేదు. కొలాజెన్ ఎక్కువ తయారవడం వేరు, అది సరైన వరసలో కూర్చోవడం వేరు. చిందరవందరగా ఉన్న పోగుల మీద మరికొన్ని పోగులు పోస్తే బలం వస్తుందన్న నమ్మకం లేదు. పైగా ఈ హార్మోన్ రక్తంలో చక్కెర పెంచుతుంది, ఒళ్లు నీరు పట్టేలా చేస్తుంది, మణికట్టు దగ్గర నరం నొక్కుకుని వేళ్లు తిమ్మిరెక్కేలా చేస్తుంది. చెయ్యి నొప్పికి మందు వాడి చేతికి మరో జబ్బు తెచ్చుకున్నట్టవుతుంది. క్రీడాకారులు దీన్ని వాడకూడదని నిషేధం ఉంది. టెండన్ నొప్పికి దీన్ని రాసే చికిత్స నేటికీ స్థిరపడలేదు. ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి.

ఇంతవరకూ సూదిలో వచ్చే హార్మోన్ల గురించి మాట్లాడుకున్నాం. నా లెక్కలో వాటికన్నా ముందు చూసుకోవాల్సింది మన ఒంట్లో ఉన్న హార్మోన్లనే. వాటిలో ఒకటి తప్పినా టెండన్ మానడం కష్టమవుతుంది.

ముందుగా ఆడవాళ్ల సంగతి. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్‌ను టెండన్‌లోని కణాలు కూడా గుర్తుపడతాయి. ముట్లు ఆగిపోయే వయసులో అది పడిపోతుంది. సరిగ్గా ఆ వయసులోనే భుజం బిగుసుకుపోవడం, మడమ నొప్పి, తుంటి పక్కన నొప్పి ఎక్కువవుతాయి. తుంటి పక్కన నొప్పి ఉన్న ఆమె ఆ వైపుకు ఒత్తిగిలి పడుకోలేదు. వాతం అనుకుని నూనె రాసుకుంటుంది. లోపల అసలు ఇబ్బంది చాలాసార్లు తుంటి కండరాల టెండన్‌లోనే ఉంటుంది.

మన రాష్ట్రంలో ఈ వయసు ముందే వచ్చిపడుతోంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లను అడిగితే, దేశమంతటా నూటికి ముగ్గురు గర్భసంచి తీయించుకున్నవాళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు తొమ్మిదిమంది! రాష్ట్రాలన్నిటిలో మనమే ముందు. తెల్లబట్ట అవుతోందనీ, నడుము నొప్పి అనీ, ఇక పిల్లలు వద్దు కదా అనీ ముప్పై అయిదేళ్లకే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. అండాశయాలు ఉంచినా అవి కొన్నేళ్లు ముందుగానే వట్టిపోయే అవకాశం ఉంది. నలభై ఏళ్లకే కీళ్లన్నీ పట్టేశాయని వచ్చే అక్కచెల్లెళ్లను డాక్టర్లు ఆపరేషన్ గురించి అడగాలి. డాక్టరు అడగకపోతే మీరే చెప్పండి. చీటీ ఉంటే తీసుకెళ్లండి, అండాశయాలు తీశారా లేదా అన్నది అందులో ఉంటుంది.

అలాగైతే ఈస్ట్రోజెన్ బయటి నుంచి ఇస్తే మానుతుందా? మెల్‌బోర్న్‌లో ముట్లాగిన, తుంటి పక్క నొప్పి ఉన్న ఆడవాళ్ల మీద పరీక్షించి 2022లో ఫలితం చెప్పారు. కొందరికి హార్మోన్ పూత మందు, కొందరికి ఉత్త పూత. బరువు అదుపులో ఉన్నవాళ్లకు, అంటే అయిదడుగుల మనిషైతే 58 కిలోల లోపు ఉన్నవాళ్లకు, హార్మోన్ పూత మేలు చేసింది. లావుగా ఉన్నవాళ్లకు తేడా కనబడలేదు. అంతకు ముందు డెన్మార్క్‌లో హార్మోన్ వాడుతున్న పెద్ద వయసు ఆడవాళ్లను పరీక్షిస్తే టెండన్‌లో కొలాజెన్ తయారీ పెరిగింది గానీ, పోగులు సన్నగా, టెండన్ మెత్తగా ఉంది. అంటే ఇది తిరుగులేని మందు కాదు. రక్తం గడ్డకట్టడం, రొమ్ము క్యాన్సర్ భయం కూడా చూసుకోవాలి. ఒక్క మోచేతి నొప్పి కోసం దీన్ని ఎవరూ రాయరు. కానీ ఒంట్లో ఆవిర్లు, రాత్రుళ్లు చెమటలు, నిద్ర పట్టకపోవడం, వీటన్నిటితో పాటు టెండన్ నొప్పులు కూడా ఉంటే, మరీ ముఖ్యంగా నలభై అయిదేళ్ల లోపే అండాశయాలు తీసేసి ఉంటే, స్త్రీ వైద్య నిపుణురాలితో తప్పకుండా మాట్లాడాలి. కర్నూలు పెద్దాసుపత్రిలో, కడప రిమ్స్‌లో ఆ విభాగాలు ఉన్నాయి.

రెండోది ఇన్సులిన్. అదీ హార్మోనే. చక్కెర అదుపులో లేకపోతే ఆ చక్కెర కొలాజెన్ పోగులకు అంటుకుని వాటిని బిరుసుగా చేస్తుంది. బిరుసెక్కిన పోగు సాగదు, తొందరగా చిట్లుతుంది, మానదు. భుజం పట్టేసిందని వచ్చి, పరీక్ష చేయిస్తే చక్కెర వ్యాధి ఉందని అప్పుడే తెలుసుకునేవాళ్లు ఎందరో. థైరాయిడ్ తగ్గినా ఇదే తీరు. రెండు పరీక్షలూ ఒక్కసారి రక్తం ఇస్తే అయిపోతాయి. నెలల తరబడి మానని టెండన్ నొప్పికి స్కానింగ్ కన్నా ముందు ఈ రెండూ చేయించుకోవడం నయం.

మూడోది విటమిన్ డి. పేరుకు విటమిన్ గానీ ఒంట్లో చేసే పని హార్మోన్‌దే. ఎండలకు పేరుపడ్డ రాయలసీమలో దీనికి కొరత ఏమిటని నవ్వుతారు. తిరుపతి స్విమ్స్‌లో డాక్టర్ హరినారాయణ్ బృందం ఆ చుట్టుపక్కల పల్లెల్లో, పట్నంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లను పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించింది. పల్లెల్లో కూడా చాలామందికి డి తక్కువే. పట్నంలో, ఆడవాళ్లలో ఇంకా తక్కువ. తినే తిండిలో కాల్షియం కూడా తక్కువే. దానికి విరుగుడుగా కొందరు ఆరు లక్షల యూనిట్ల డి సూది నెలనెలా వేయించుకుంటున్నారు. అది మరీ ప్రమాదం. రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. పరీక్ష చేసి, తక్కువుంటే, డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడాలి. డి సరిచేసినంత మాత్రాన మోచెయ్యి మానిపోదు. మానడానికి ఉన్న ఒక అడ్డు తొలగుతుంది, అంతే.

సరే, అన్నీ సరిచేశాం. ఇక టెండన్‌కు ఏం కావాలి? బరువు కావాలి. వినడానికి వింతగా ఉంటుంది గానీ, కొలతగా, నెమ్మదిగా పడే బరువు. స్వీడన్‌లో హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ అనే ఎముకల వైద్యుడికి మడమ టెండన్ నొప్పి వదల్లేదు. ఆపరేషన్ చేయమంటే పై డాక్టరు ఒప్పుకోలేదు. తెగిపోతే అప్పుడైనా చేస్తారు కదా అని మొండికేసి, నొప్పి పుడుతున్నా మెట్టు అంచున ముందరి పాదాలతో నిలబడి మడమలు కిందికి దించే వ్యాయామం రోజూ చేశాడు. టెండన్ తెగలేదు సరికదా, నొప్పే పోయింది. తర్వాత పదిహేనుమంది పరుగు అలవాటున్నవాళ్లతో పన్నెండు వారాలు, రోజుకు 180 సార్లు, అదే చేయించాడు. పదిహేనుమందీ మళ్లీ పరుగు మొదలుపెట్టారు. 1998లో అది అచ్చయింది. ప్రపంచమంతటా ఫిజియోథెరపీ దారి మళ్లింది.

ఇందులో హార్మోన్ సంగతి కూడా ఉంది. టెండన్ మీద బరువు పడి సాగినప్పుడు, గ్రోత్ హార్మోన్ ఏ పదార్థం ద్వారా పని చేయిస్తుందో, ఆ ఐజీఎఫ్-1 అనే పదార్థం టెండన్‌లోనే తయారవుతుందని ఎలుకల మీద చేసిన పరీక్షల్లో తేలింది. వేల రూపాయల సూదిలో కొనుక్కోవాలనుకునేది, కొలత తప్పని వ్యాయామంతో ఆ చోటే పుడుతోంది. బరువు ఏ దిక్కుగా లాగుతుందో ఆ దిక్కుగానే కొత్త పోగులు పేరుకుంటాయి. కట్టు కట్టి నెలల తరబడి కదలకుండా ఉంచితే ఇది జరగదు. ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు పోయినవాళ్లు మన వైపు ఎందరో ఉన్నారు. టెండన్ నొప్పికి మాత్రం ఆ కట్టు పనికిరాదు.

మోచేతి నొప్పికి ఇంట్లో చేయగలిగింది ఇది. కుర్చీలో కూర్చుని ముంజేయి బల్ల మీద ఆనించండి. అరచెయ్యి కిందికి ఉండాలి, మణికట్టు బల్ల అంచు దాటి బయటికి ఉండాలి. అర లీటరు నీళ్ల సీసా పట్టుకోండి. రెండో చేత్తో ఆ మణికట్టును పైకి లేపి, వదిలేసి, అయిదు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా కిందికి దించండి. పదిహేను సార్లు, కాస్త ఆగి మళ్లీ పదిహేను, మళ్లీ పదిహేను. రోజూ చేయండి. కొంచెం నొప్పి ఉంటే ఫరవాలేదు. మర్నాడు పొద్దున లేచేసరికి నిన్నటికన్నా ఎక్కువగా ఉంటే సీసాలో నీళ్లు తగ్గించండి. రెండు వారాలకే తగ్గలేదని మానేయవద్దు, మూడు నెలలు ఇవ్వాలి. ఈలోగా సంగటి కెలికే పని ఇంట్లో మగవాళ్లకు అప్పగించండి. పొడవైన కట్టె పట్టుకుని రెండు చేతులతో కెలకమనండి, వాళ్లకైనా మోచెయ్యి పాడవకుండా ఉంటుంది.

ముగించే ముందు మాత్రల గురించి ఒక హెచ్చరిక. విరేచనాలకో, మూత్రంలో మంటకో మందుల షాపులో చీటీ లేకుండా కొనే సిప్రోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ మాత్రలు టెండన్‌ను దెబ్బతీయగలవు. అమెరికా ప్రభుత్వం 2008లో ఈ మందుల వివరాల కాగితంలో నల్లగీతల చట్రం గీయించి హెచ్చరిక అచ్చువేయించింది. అరవై దాటినవాళ్లకు, స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవాళ్లకు ప్రమాదం మరీ ఎక్కువ. ఈ మాత్రలు వేసుకునే రోజుల్లో మడమ వెనుక నొప్పి మొదలైతే, డాక్టరుకు ఆ రోజే చెప్పి వేరే మందు అడగండి. నడుస్తుండగా ఎవరో వెనుక నుంచి తన్నినట్టు, టప్పుమని చప్పుడైనట్టు అనిపించి, ఆ తర్వాత కాలి మునివేళ్ల మీద నిలబడలేకపోతే టెండన్ తెగిందన్నమాట. అప్పుడు నూనె రాయడం, తోమడం వద్దు. కాలు కదలకుండా పెట్టుకుని నేరుగా ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి. మొదటి రెండు మూడు రోజుల్లో వెళ్తే తెగిన కొసలు తేలిగ్గా కలుస్తాయి.